ఉత్తరపు గోడ

జయరామ్ ఆ గదిలో మూడోసారి పడినప్పుడు నుదురు మంచం కోడుకు తగిలి చీలింది. పట్టపగలు, పదకొండు గంటల వేళ. కస్తూరి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి తలుపు తీసేసరికి అతను నేలమీద కూర్చుని ఉన్నాడు. అరచేయి నెత్తురు కారుతున్న నుదుటి మీద లేదు, ఎడమ కంటి మీద ఉంది.

"తలుపెయ్యి ముందు," అన్నాడు.

ఆమె తలుపు మూసి, చీకట్లో తడుముకుంటూనే అతని నుదుటికి తడిగుడ్డ కట్టింది.

అది 1971 మే నెల. మద్రాసు రాయపురంలో, చేపల రేవుకు నాలుగు సందుల ఇవతల, జయరామ్ తండ్రి కట్టించిన ఇల్లు. ముందు భాగమంతా అన్న ఆదికేశవులు తాళ్ల వ్యాపారానిది. పడవలకు అమ్మే తారు తాళ్ల చుట్టలు కప్పుదాకా పేర్చి ఉండేవి. వెనకవైపు గది తమ్ముడిది. దానికి తలుపు తప్ప మరో కంత లేదు.

జయరామ్ అన్న వ్యాపారంలోకి పోలేదు. పెరంబూరులో ఒక చిన్న ఫౌండ్రీలో పద్దెనిమిదేళ్లుగా ప్యాటర్న్ మేకరు. ఏ వస్తువును పోత పోయాలన్నా ముందు దాన్ని కొయ్యతో అచ్చంగా చెక్కి ఇచ్చే పని అది. ఫిబ్రవరిలో పక్క బల్ల మీద సానచక్రం పగిలి దాని ముక్క అతని కుడికంట్లో దిగింది. ఆ కన్ను తీసేశారు. నెల తిరక్కుండా ఎడమ కన్ను కూడా వాచి, వెలుతురు చూస్తే నీళ్లు కారడం మొదలుపెట్టింది. ఇంట్లో అందరూ అతన్ని చీకటిగదిలో పెట్టి తలుపు మూశారు. కంటికి చల్లగా ఉంటుందన్నారు.

నుదుటి గాయానికి కట్టు కట్టించడానికి పోయినప్పుడు కంటి డాక్టరు చీకటిగది సంగతి విని కస్తూరి మీద కోప్పడ్డాడు. వాపు తగ్గిందనీ, ఇంకా చీకట్లోనే ఉంచితే ఆ కన్ను వెలుతురును ఎప్పటికీ తట్టుకోలేదనీ చెప్పాడు. ఎండ నేరుగా తగలకూడదు. బల్బు పనికిరాదు. పొద్దున్నించి సాయంత్రందాకా ఒకే తీరుగా ఉండే మెత్తని పగటి వెలుతురు కావాలి. మీ ఇంట్లో అలాంటి గది ఉందా అని అడిగాడు.

లేదు. నడవ నడిమి, పైకప్పు లేని తొట్టిలో ఎండ నిప్పులా దిగేది. ముందు గదుల్లో తారు ఘాటు. మేడమీద గదే లేదు. ఫౌండ్రీ యజమాని దీపావళిదాకా చూస్తాననీ, ఆ తరువాత మరో మనిషిని పెట్టుకుంటాననీ కబురు పంపి వారమయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర జయరామ్ అన్నతో అన్నాడు. "ఉత్తరపు గోడలో పైన ఒక కిటికీ పెట్టిస్తాం అన్నా."

ఆదికేశవులు తింటున్న చెయ్యి ఆపాడు. "ఆ గోడ జోలికి పోవద్దు."

"చిన్న కిటికీదా, అంతే. రెండడుగులు."

"నాయన గూడ అట్టే అన్న్యాడు. చిన్న వాకిలిదా అని పడమటి గోడ కొట్టించినాడు. నువ్వప్పుడు పసివాడివి. చిన్నాయన కాలుమీద దూలం పడినప్పుడు ఆ కాలు పట్టుకొని బయటికి లాగింది నేను." ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. "ఇది సున్నం గోడ. అరవై ఏండ్లది. దాన్ని కదిలించేది లేదు."

కస్తూరి వంటింటి తలుపు వెనక నిలబడి విన్నది. ఆ ఇంట్లో కోడళ్లు బావగారి ఎదుటికి వచ్చి మాట్లాడే వాడుక లేదు. పెళ్లయి పదమూడేళ్లయినా ఆమె ఆయనతో నేరుగా పది మాటలు మాట్లాడి ఉండదు.

మర్నాడు పొద్దున జయరామ్ మంచం మీద కూర్చుని, "నా పనిముట్ల పెట్టె తీయి," అన్నాడు.

"ఎందుకండి?"

"అన్నకు మాటలతో చెప్తే వినడు. చేసి చూపిస్తాం. ఈ గదిని చెక్కతో చేస్తాం, అడుగుకు ఒక అంగుళం లెక్కన. కిటికీ యాడ పెడితే వెలుతురు ఎట్ట వస్తాదో దాంట్లోనే చూడొచ్చు. నిజం గోడను ముట్టుకునేది ఆ తరువాత."

"మీరు చూడలేరు గదా."

"నువ్వు చూస్తావు గదా."

ఆమె పెట్టె తీసింది. ఉలులు, చిన్న రంపాలు, అడుగున ఒకేలా ఉన్న రెండు ఉక్కు కొలబద్దలు. చేతికి అందినదాన్ని తీసుకుంది. తలుపు ఓరగా పెట్టి, ఆ సన్నని వెలుతురులో గోడవెంట బద్ద జరుపుతూ అంకెలు చదివింది. అతను కంటికి గుడ్డ కట్టుకుని, విన్న అంకెల్ని రెండుసార్లు పైకి అనుకుని, రాయమన్నాడు. గోడ పొడవు, దూలం ఉన్న చోటు, దూలం తలకాయ గోడలోకి దిగిన ఎత్తు. సందు అవతలి ఇంటి గోడ ఎంత ఎత్తో కూడా ఆమె మేడెక్కి దారానికి రాయి కట్టి దించి కొలిచింది.

దేవదారు పలకలతో గది తయారవడానికి తొమ్మిది రోజులు పట్టింది. అతను వేళ్లతో తడిమి కోసేవాడు. ఆమె జిగురు పెట్టేది. అగ్గిపెట్టంత మంచం, లోపలి సున్నానికి తెల్లకాగితం, అవతలి ఇంటికి బూడిదరంగు అట్ట. ఉత్తరపు గోడకు మాత్రం నాలుగు పలకలు చేశారు. ఒక్కోదానిలో కిటికీ ఒక్కో చోట. ఒకటి తీసి మరొకటి దూర్చవచ్చు.

ఫౌండ్రీలో డ్రాయింగులు గీసే నాగప్పన్ ఒక ఆదివారం వచ్చి ఒక కాగితం ఇచ్చిపోయాడు. మద్రాసులో ఏ నెలలో, ఏ గంటకు నీడ ఎటు పడుతుందో గీతలు గీసిన కాగితం అది. దాని నడుమ ఒక మేకు నిలబెట్టి, గది బొమ్మ పక్కన అంటించి, అంతా కలిపి ఎండలో వంచాలి. మేకు నీడ మొన జూన్ గీత మీద నాలుగు గంటల చోటికి వచ్చిందంటే, జూన్ నెల సాయంత్రం నాలుగింటికి ఎండ ఆ గదిలోకి ఎలా వస్తుందో బొమ్మలోకీ అలాగే వస్తుంది.

రోజూ మధ్యాహ్నం ఇద్దరూ మేడెక్కేవాళ్లు. అతని కంటికి నల్లగుడ్డ రెండు మడతలు. ఆమె తలమీద నల్ల కంబళి కప్పుకుని, బొమ్మ గోడకు చేసిన చిల్లులోంచి చూసేది. చెమట కళ్లలోకి కారేది.

"ఏం కనపడతాది?"

"నడి కిటికీతో మంచం మీద చీకటిగానే ఉండాది. ఎదురింటి గోడ అడ్డం."

"తూర్పు పక్కది పెట్టు."

"కొంచెం మేలు. కప్పు మీద వెలుతురు ఉండాది, మంచం మీద లేదు."

చివరి పలక పెట్టినప్పుడు ఆమె కంబళి ఇంకా దగ్గరికి లాక్కుని చూసింది. ఎదురింటి గోడకూ దాని మేడమెట్ల గదికీ నడుమ ఆకాశం కనిపించే సందు ఒకటి ఉంది. కిటికీ సరిగ్గా దాని ఎదుటికి వచ్చింది. అగ్గిపెట్టె మంచం, దాని దుప్పటి, అవతలి గోడ, అన్నీ ఒకే తీరుగా, నీడలు లేకుండా కనిపించాయి.

"ఏమయింది?" అన్నాడతను.

"ఇదేదా," అన్నది ఆమె.

అతను నమ్మలేదు. బొమ్మను ఒక్కో నెలకూ వంచమన్నాడు. వంచిన ప్రతిసారీ తలుపు చోటులోంచి వేలు దూర్చి మంచం మీద పెట్టేవాడు. డిసెంబరులో చల్లగా ఉంది. మార్చిలో చల్లగా ఉంది. జూన్ సాయంత్రానికి వంచగానే వేలు వెనక్కి తీశాడు. "ఎండ పడతాంది. కాలతాంది చూడు." కిటికీకి పడమటి పక్కన నిలువుగా ఒక పలక పెట్టి మళ్లీ వేలు పెట్టాడు. వెచ్చదనం లేదు.

మేస్త్రీ కుప్పుసామి వచ్చి గోడను తట్టి చూశాడు. కిటికీ రావాల్సిన చోటుకు ఒక పక్క ఈ ఇంటి మేడమెట్లు, రెండో పక్క దూలం. నడుమ మూడడుగుల గోడ ఉంది. "దూలానికీ కంతకూ నడుమ ఆరంగుళాలు గోడ ఉండాల. పాత సున్నం గదమ్మా, అంచులు రాలతాయి. ఆరుకు తగ్గితే నేను చెయ్యను," అన్నాడు. జయరామ్ సరిగ్గా ఆరంగుళాలు వదిలి కాగితం మీద కొలతలు రాయించాడు.

ఆ బొమ్మను ఆదికేశవులు ముందు పెట్టారు. ఆయన చిల్లులోంచి చూశాడు, మళ్లీ చూశాడు. బొమ్మ బాగుందనలేదు. తమ్ముడి నుదుటి మీది మచ్చను చూస్తూ, "ఒక్క రోజు. గోడలో ఒక్క బీట కనిపించినా ఆ సాయంత్రమే మూసెయ్యాల. మళ్లా నన్ను అడగకూడదు," అన్నాడు.

జూన్ పద్నాలుగో తేదీ, సోమవారం. కుప్పుసామి సందులో పరంజా కట్టి, ఇంటి మూలనుంచి టేపు పెట్టి, కాగితం చూసి బయట గీత గీసుకున్నాడు. గోడను బయటినుంచే కొట్టుకుంటూ వస్తానన్నాడు. ఇటుకలు మోయడానికి కనకవల్లి అనే కూలామె వచ్చింది. ఆదికేశవులు ఆ రోజు అంగడి తెరవలేదు. నడవలో బల్ల మీద, గది తలుపుకు ఎదురుగా కూర్చున్నాడు. జయరామ్ ఆయన పక్కన కంటికి గుడ్డతో కూర్చున్నాడు. లోపలి గోడను కనిపెట్టి చూసే పని కస్తూరిది. లోపల, దీపం వెలుతురులో, కిటికీ వచ్చే చోట ఆమె సుద్దతో చదరం గీసి ఉంచింది.

ఎనిమిదింటికి మొదటి దెబ్బ పడింది. ఇల్లంతా అదిరినట్టనిపించింది. ఒక్కో దెబ్బకూ గోడలోపల ఏదో దగ్గరికి నడిచి వస్తున్నట్టు చప్పుడు పెరిగింది. తొమ్మిదింటికి లోపలి సున్నం మీద ఒక వెంట్రుకంత బీట కనిపించింది.

అది సుద్ద చదరంలో లేదు. చదరానికి ఎడమపక్కన, దూలానికి దగ్గరగా ఉంది.

కస్తూరి దీపం ఎత్తి చూసింది. ఇంకో దెబ్బ. బీట పైకి పాకింది. దూలం తలకాయ గోడలోకి దిగిన చోటినుంచి సన్నగా, ఉప్పు జారినట్టు, సున్నప్పొడి రాలసాగింది.

ఆమెకు తెలుసు, అరవాలని. అరిస్తే తలుపవతల బావగారు వింటాడు. ఒక్క బీట అన్నాడు. ఈ సాయంత్రం గోడ మూసేస్తారు. దీపావళికి ఫౌండ్రీలో మరో మనిషి ఉంటాడు. ఈయన ఈ మంచం మీదే ఉంటాడు, తలుపు మూసుకుని. మేస్త్రీకి అంచు రాలి ఉంటుంది, తానే సర్దుకుంటాడేమో అనుకుంది. ఇంకో దెబ్బ పడనిచ్చింది. మరొకటి పడనిచ్చింది.

మూడో దెబ్బకు ఒక ఇటుక లోపలికి ఒరిగింది. దాని పక్కన, దూలానికి నాలుగు వేళ్ల దూరంలో, రూపాయి బిళ్లంత వెలుతురు పడింది. నెత్తిమీద దూలం మూలిగింది.

ఆమె తలుపు తోసుకుని బావగారి ముందునుంచే పరుగెత్తి సందులోకి పోయింది. "నిలపండి మేస్త్రీ. కొట్టొద్దు. దూలం కిందికి వచ్చినారు."

కుప్పుసామి సుత్తి ఆపాడు. "ఎట్టమ్మా? కాయితంలో రాసినట్టేదా కొడతా ఉండా." టేపు తీసి మూలనుంచి మళ్లీ కొలిచి చూపించాడు. అంకె సరిగ్గా ఉంది. కాగితమూ సరిగ్గా ఉంది. గోడ మాత్రం తప్పుగా ఉంది.

ఆమె లోపలికి పోయి కొలబద్ద తెచ్చింది. నడవలో నేలమీద కుప్పుసామి టేపును పరిచి, దాని పక్కన బద్ద పెట్టాడు. ఒక పక్క రెండు మొదళ్లూ కలిశాయి. రెండో పక్క కలవలేదు. బద్ద మీద రెండడుగులు అని ఉన్నచోట టేపు అర అంగుళం ఎక్కువ చూపించింది.

"ఇదేమి మాయ," అన్నాడు కుప్పుసామి.

జయరామ్ చెయ్యి చాచాడు. "ఇటియ్యి." బద్దను తీసుకుని చివరి అంచు మీద బొటనవేలు గోటితో గీరాడు. అక్కడ చెక్కిన అక్షరాలు తగలగానే అతని ముఖం మారిపోయింది.

"ఇది ఉక్కు పోతకు వాడే బద్ద," అన్నాడు మెల్లిగా. "కాగిన ఉక్కు చల్లారితే కుంచించుకుపోతాది. అందుకని కొయ్య ప్యాటర్ను పెద్దదిగా చెయ్యాల. లెక్క కట్టుకునే పని లేకుండా బద్దనే అడుగుకు పావంగుళం పొడుగ్గా చేసి ఇస్తారు. పన్నెండడుగులకు మూడంగుళాలు. కంత ఆ మూడంగుళాలు దూలం పక్కకు జరిగింది." బద్దను నేలమీద పెట్టాడు. "కొలిచింది నేనే అన్నా. తప్పు నాదే."

ఆదికేశవులు లేచి నిలబడ్డాడు.

"కాదు బావగారూ," అన్నది కస్తూరి. ఆయన ముఖం చూస్తూనే అన్నది. "ఆ బద్ద పెట్టెలోంచి తీసింది నేను. అంకెలు చదివింది నేను. ఆయన చేతికి కూడా ఇయ్యలేదు. బీట చూసినాక గూడ వెంటనే చెప్పలేదు. మూడు దెబ్బలు ఊరకున్నా."

"ఎందుకు?"

"మీరు మూసేయమంటారని."

ఆయన ఆమెను తిట్టలేదు. మేస్త్రీ వైపు తిరిగి, "మూసెయ్ కుప్పుసామీ. అందరూ బయటికి రండి," అన్నాడు.

"ఇప్పుడు మూసేది కుదరదు అన్నా," అన్నాడు జయరామ్. "తడి సున్నం దూలాన్ని మొయ్యదు. ముందు కింద కొయ్యలతో పోటు పెట్టాల. లేకుంటే సాయంత్రానికి దిగతాది." అతను అప్పటికే గోడ పట్టుకుని గదివైపు నడుస్తున్నాడు. "కుప్పుసామీ, పరంజాలోంచి రెండు సవుకు కొయ్యలు తీసుకురా. మందమైనవి. ఒక పలక గూడ."

"ఒరే జయా, లోపలికి పోవద్దురా."

అతను లోపలికి పోయాడు. ఉలీ, చెక్కముక్కా అడిగి తీసుకుని, గది నడుమ నేలమీద కూర్చుని నాలుగు చీలలు చెక్కాడు. చెక్క అతని ఒళ్లో తిరుగుతుంటే పైనుంచి సున్నప్పొడి అతని తలమీద రాలుతూనే ఉంది. కుప్పుసామి కొయ్యలు తెచ్చి దూలం కింద నిలబెట్టాడు. ఒకదాన్ని తనే పట్టుకున్నాడు. రెండోదాన్ని కస్తూరి పట్టుకుంది. అది ఆమె చేతుల్లో నిలవలేదు, పైకొన జారుతోంది. కనకవల్లి వచ్చి చెయ్యి వేసినా జారుతోంది.

"ఇంకొకరు కావాల," అన్నాడు కుప్పుసామి.

ఆదికేశవులు గడప మీద నిలబడి దూలాన్నే చూస్తున్నాడు. ఆయన నుదుటినుంచి చెమట ధారగా కారుతోంది. ఒక అడుగు లోపలికి వేసి, ఆగి, రెండో అడుగు వేశాడు. తరువాత కస్తూరి పక్కకు వచ్చి ఆ కొయ్యను రెండు చేతులా పట్టుకున్నాడు.

జయరామ్ కొయ్య మొదట్లో చీలల్ని ఎదురెదురుగా పెట్టి, ఒకదాని తరువాత ఒకటి సుత్తితో కొట్టసాగాడు. ఎక్కువ బిగిస్తే దూలం లేచి పైకప్పు పగులుతుంది. తక్కువైతే నిలవదు. కంటికి గుడ్డ అలాగే ఉంది. నాలుగు దెబ్బలు కొట్టి, కొయ్యను వేలితో తట్టి, చెవి ఆనించి వినేవాడు. కొయ్య డొల్లగా పలికింది. మళ్లీ కొట్టాడు. దూలం ఒకసారి గట్టిగా మూలిగింది. ఆదికేశవులు కళ్లు మూసుకున్నాడు కానీ చేతులు వదల్లేదు.

"అన్నా, నువ్వు పట్టుకున్నది అదరతాందా?"

"లేదు."

"సెరి." ఇంకా రెండు దెబ్బలు. ఈసారి కొయ్య చిన్నగా, బిగువుగా మోగింది. రెండో కొయ్యకూ అలాగే చేశాడు. "పొడి రాలతాందా కస్తూరీ?"

ఆమె దీపం ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. "లేదు."

కొంతసేపటికి కుప్పుసామి కొయ్య వదిలి, చేతులు పంచెకు తుడుచుకుని ఆదికేశవులు వైపు తిరిగాడు. "ఇప్పుడు రెండు దోవలు ఉండాయి మొదలాళీ. దూలం కింద రాయి పెట్టి కట్టి, అంతా మూసేసేది ఒకటి. లేకుంటే రాయి పెట్టి, ఈ పక్క ఇటుకలు మళ్లా కట్టి, కంతను మెట్ల పక్కకు జరిపేది. ఎట్ట చెప్తే అట్ట చేస్తా."

కస్తూరి తల వంచుకుని నిలబడింది. జయరామ్ నేలమీదే కూర్చుని ఉన్నాడు, సుత్తి ఒళ్లో పెట్టుకుని. అతని జుట్టంతా సున్నంతో తెల్లబడింది.

ఆదికేశవులు పట్టుకున్న కొయ్యను మెల్లిగా వదిలాడు. అది కదలకపోవడం చూశాడు. "ఆరంగుళాలు ఉండాల అన్నావే," అన్నాడు కుప్పుసామితో.

"అవును."

"ఎనిమిది వదులు."

ఆ సాయంత్రానికి దూలం కింద నల్లరాయి కూర్చుంది. కిటికీ మెట్లవైపుకు జరిగి, రెండంగుళాలు చిన్నదైంది. మిగిలిన పనికి తొమ్మిది రోజులు పట్టింది. పడమటి పక్క నిలువు పలకను జయరామే చేశాడు. సున్నం ఆరినాక కుప్పుసామి పోటు కొయ్యలు తీస్తుంటే ఆదికేశవులు పిలవకుండానే వచ్చి నిలబడ్డాడు. కొయ్యలు తీశాక కూడా గంటసేపు ఆ గదిలోనే ఉన్నాడు. కాఫీ అక్కడికే తెప్పించుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు కస్తూరి కిటికీకి కట్టిన గోనెపట్టా తీసేసింది. వెలుతురు ముందు కప్పుకూ, కప్పునుంచి ఎదుటి గోడకూ పాకి, మంచం మీద నీడ లేకుండా పరుచుకుంది. జయరామ్ గోడవైపు తిరిగి కూర్చుని, కంటి గుడ్డ ముడి విప్పి, ఒక మడత తీశాడు. కాసేపాగి రెండో మడత తీశాడు. కన్ను చెమర్చింది. అతను దాన్ని మూసుకోలేదు.

కస్తూరి అతని ముఖం చూస్తూ నిలబడింది. ఐదు నెలల్లో ఆ ముఖాన్ని గుడ్డ లేకుండా ఆమె పగటిపూట సరిగా చూడలేదు. దవడ ఎముకలు పైకి వచ్చాయి. చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ఖాళీ కంటి చోట చర్మం లోపలికి లాక్కుపోయింది. ఇదంతా తన పక్కనే జరిగింది, తాను చూడలేదు.

"నొప్పిగా ఉండాదా?" అన్నది.

"లేదు." అతను తల తిప్పి ఆమె వైపు చూశాడు. చూపు నిలవడానికి కొంతసేపు పట్టింది. "నువ్వు చానా చిక్కినావు కస్తూరీ," అన్నాడు.

ఆమె మంచం అంచున కూర్చుంది.

ఆ కన్ను పూర్తిగా బాగుపడలేదు. ఎండలోకి పోవాలంటే నల్లద్దాలు పెట్టుకోవలసిందే. దీపావళికి పది రోజుల ముందు అతను ఫౌండ్రీకి పోతే యజమాని పెద్ద పనులు ఇవ్వలేదు. కిటికీ పక్క బల్ల చూపించి చిన్న ప్యాటర్నులు చేయమన్నాడు. కస్తూరి గేటు దగ్గర నిలబడి ఉంది. అతను గంటసేపటికి బయటికి వచ్చి, "రేపట్నించి రమ్మన్యాడు," అని చెప్పి, రోడ్డు దాటడానికి ఆమె భుజం పట్టుకున్నాడు.